చూచిరాత రోజూనా, వారానికి మూడు రోజులా, ఆదివారం గంటా?

మాది తిరుపతి, కోర్లగుంట. పాపకు తొమ్మిదేళ్లు, చిన్నోడికి ఆరు. ఇద్దరికీ చదువు ఇంట్లోనే. ఈ సంగతి తెలిసినవాళ్లు లెక్కలెట్ల చెప్తారని అడగరు, సైన్సు ఎవరు చెప్తారని అడగరు. "మరి రాత ఎట్ల వస్తుంది?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే అది. బడికి పోయే పిలకాయలు రోజంతా ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. బోర్డు మీదిది ఎక్కించుకుంటారు, ఇంటికొచ్చి హోంవర్కు రాస్తారు. మా ఇంట్లో సగం చదువు నోటితోనే జరిగిపోతుంది. నేను కథ చదువుతాను, వాళ్లు తిరిగి చెప్తారు, మధ్యలో నాలుగు ప్రశ్నలు, అంతటితో ఆ పాఠం అయిపోతుంది. పెన్సిలు పట్టే అవసరం మనం కల్పిస్తే తప్ప రాదు.

ఆ అవసరం కల్పించడానికి చూచిరాతను మించింది నాకు కనిపించలేదు. మంచి వాక్యమొకటి ఎదురుగా పెట్టుకుని, దాన్ని ఉన్నదున్నట్టు నిదానంగా, కుదురుగా దించుకోవడం. ఏం రాయాలా అని ఆలోచించే బరువు ఉండదు కాబట్టి బిడ్డ దృష్టంతా అక్షరం మీదే నిలుస్తుంది. పనిలో పనిగా ఏ వత్తు ఎక్కడ వస్తుంది, వాక్యం ఎక్కడ ఆగుతుంది అన్నవి కంటికి అలవాటవుతాయి.

చిక్కంతా ఎన్నాళ్లకోసారి అన్నదాంట్లో ఉంది. మూడేళ్లలో మేం దాదాపు అన్ని పద్ధతులూ చేసి చూశాం. కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. అక్షరాలు ఇంకా కుదరని బిడ్డకు వారానికి అయిదు రోజులు, రోజుకు 5 నుంచి 10 నిమిషాలు. అక్షరాలు కుదిరిన బిడ్డకు వారానికి మూడు రోజులు, పూటకు 15 నిమిషాలు. వారానికోసారి గంటసేపు కూర్చోబెట్టడం మాత్రం ఏ వయసు బిడ్డకూ వద్దు. ఎందుకో చెప్తాను.

ఆదివారం గంట

మొదటి ఏడాది మేం చేసింది ఇదే. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. వారంలో మామూలు రోజులు వంట, పాఠాలు, చిన్నోడి వెనక పరుగులతో గడిచిపోయేవి. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక పాపను కూర్చోబెట్టి రెండు పేజీలు రాయించేదాన్ని. వారానికి రెండు పేజీలంటే నెలకు ఎనిమిది, ఏడాదికి నూరు పేజీలని లెక్క కట్టుకుని సంతోషపడ్డాను కూడా. ఆరు నెలలు గడిచినా రాత మారలేదు. పైగా ఆదివారం అన్నం పళ్లెం దగ్గరే పాప మొహం వాడిపోయేది. "ఇంకా ఎన్ని లైన్లు మా?" అని వరసకోసారి అడిగేది.

మా మామ తెలుగు పండితుడుగా పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు ఆ నోటుపుస్తకం తీసుకుని, పేజీలో మొదటి వరసా ఆఖరి వరసా మాత్రం కనబడేట్టు మధ్యదంతా ఒక కాగితంతో కప్పి నా ముందు పెట్టారు. "ఈ రెండూ ఒకే బిడ్డ రాసిందంటావా అమ్మా?" అన్నారు. నిజంగానే అనలేకపోయాను. పైన తలకట్లు అక్షరానికి అంటుకుని ఉన్నాయి, కింద గాల్లో తేలుతున్నాయి. పైన మకూ యకూ తేడా తెలుస్తోంది, కింద రెండూ ఒకటే. వత్తులైతే పక్క అక్షరం కిందికి జరిగిపోయాయి.

"మొదటి వరస పుస్తకం చూసి రాసింది. రెండోది మొదటిదాన్ని చూసి రాసింది. ఇరవయ్యోది పంతొమ్మిదోదాన్ని చూసి రాసింది. ఎవరైనా అంతే, దగ్గరున్నదాన్నే చూస్తారు. తప్పు మీద తప్పు ఎక్కతా పోయింది, అంతే" అన్నారు.

ఆ ఒక్కమాటతో చూచిరాత గురించి నేను అనుకుంటూ వచ్చిందంతా తలకిందులైంది. చేతికి మంచీ చెడూ తెలియదు. ఏది ఎక్కువసార్లు చేస్తే దాన్నే నేర్చుకుంటుంది. గంటలో మొదటి పది నిమిషాలు మంచి అక్షరం నేర్చుకుంటే, మిగతా యాభై నిమిషాలు అలసిపోయిన అక్షరాన్ని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఆరు రోజులు ఏమీ లేదు. మళ్లీ ఆదివారం వచ్చేసరికి చేతిలో మిగిలి ఉండేది ఆఖరి వరస రాతే.

విడివిడిగా చేసే సాధన మేలన్నది కొత్త సంగతేమీ కాదు. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే జ్ఞాపకం విషయంలో దీన్ని చూపించాడు. చేతి పనికి సంబంధించి నాకు బాగా నచ్చింది 1978 నాటి పరిశోధన. బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకు టైపింగ్ నేర్పాల్సి వచ్చినప్పుడు బాడ్లీ, లాంగ్‌మన్ అనే ఇద్దరు వాళ్లను జట్లుగా విడదీసి చూశారు. కొందరికి రోజుకు ఒక గంట, కొందరికి రెండు, ఇంకొందరికి నాలుగు గంటలు. మొత్తం గంటల లెక్క తీస్తే రోజుకో గంట నేర్చుకున్నవాళ్లకే తక్కువ గంటల్లో పని పట్టుబడింది. అయితే క్యాలెండర్‌లో రోజులు ఎక్కువ పట్టాయి. దాంతో తాము వెనకబడుతున్నామని వాళ్లకే అసంతృప్తి ఎక్కువ కలిగింది. తల్లుల మనసు కూడా ఇట్లాగే పనిచేస్తుంది. పేజీ నిండితే పని జరిగినట్టు, మూడు వరసలతో ఆపితే బిడ్డను గారాబం చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని నమ్మకండి.

రోజూ కొంచెం

ఆరేళ్ల మా చిన్నోడికి ఇప్పుడు నడుస్తున్నది ఇదే. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున టిఫిన్ అయ్యాక, వేరే ఏ పాఠమూ మొదలుపెట్టకముందు ఏడెనిమిది నిమిషాలు. ఒక్క వాక్యం, అది కూడా మూడు నాలుగు మాటలది. కుదిరితే రెండుసార్లు, లేకపోతే ఒక్కసారే.

ఇంటి చదువుల గురించి విరివిగా రాసిన ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842-1923) చిన్నపిల్లల రాత పాఠం అయిదు పది నిమిషాలకు మించకూడదన్నారు. పేజీ నింపడం కాదు, రాసిన కొంచెమూ కుదురుగా రావాలన్నది ఆమె పట్టుదల. మొదట్లో ఇది నాకు మరీ తక్కువగా తోచింది. చేయిస్తే తెలిసింది. పది నిమిషాలే అని తెలిసిన బిడ్డ మొదటి నిమిషం నుంచే మనసు పెడతాడు. ఎప్పటికి అయిపోతుందో తెలియని బిడ్డ మొదటి నుంచే శక్తి దాచుకుంటాడు.

రోజూ పద్ధతి ఎందుకు పనిచేస్తుందంటే, నిన్న చేయి నేర్చుకున్నది ఇంకా చేతిలోనే ఉంటుంది. సోమవారం 'క' తలకట్టు సరిచేస్తే మంగళవారం దాన్ని గుర్తు చేయడానికి ఒక్కమాట చాలు. అదే వారం తర్వాతైతే మళ్లీ మొదటికే. అక్షరం కుదిరే వయసులో, అంటే అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, ఈ దగ్గరితనమే ముఖ్యం.

దీంట్లో ఉన్న ప్రమాదం యాంత్రికమైపోవడం. రోజూ అదే వేళ, అదే పుస్తకం, అదే వాక్యం అయ్యేసరికి చేయి నడుస్తుంది, కళ్లు కిటికీలో ఉంటాయి. నేను రెండు మార్పులు చేశాను. మొదటిది, వాక్యం రోజూ కొత్తది, చిన్నోడికి నచ్చేది. ముందురోజు వాడే అన్నమాట ఒకటి పట్టుకుని నేను తెల్లకాగితం మీద పెద్దక్షరాల్లో రాసిస్తాను. "కొండ మీద మబ్బు దిగింది" అన్నది వాడి మాటే. దాన్ని వాడు ఎంత శ్రద్ధగా రాశాడో! రెండోది, రాశాక ఎర్రపెన్ను పట్టను. వాడినే చూసుకుని, అన్నిటికన్నా బాగొచ్చిన అక్షరం చుట్టూ సున్న చుట్టమంటాను. ఏది బాగుందో వెతకడానికి వాడు నేను రాసిచ్చిన అక్షరాన్నీ తన అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. రాత మెరుగుపడేది రాసేటప్పుడు సగం, ఈ చూసుకోవడంలో సగం.

అయిదేళ్లలోపు పిల్లలకు మాత్రం ఇది కూడా వద్దు. పెన్సిలు పట్టే మూడు వేళ్లకూ బలం రావాలి, మణికట్టు నిలవాలి. దానికి మన ఇళ్లలో ఉన్నంత సరంజామా ఏ కొనుక్కున్న కిట్టులోనూ ఉండదు. శెనక్కాయలు ఒలిపించండి. వాకిట్లో చుక్కల ముగ్గు వేసేటప్పుడు పిండి చేతికివ్వండి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పిండి జారవిడుస్తూ వంపు తిప్పడం కంటే మంచి తెలుగు అక్షరాల పాఠం లేదు. మన అక్షరాలన్నీ వంపులే కదా. ఆ తర్వాత పలకా బలపం. పలక మీద బలపానికి కొంచెం ఒరిపిడి ఉంటుంది, అది చేతికి అదుపు నేర్పుతుంది. తప్పు రాస్తే తుడిచేయొచ్చన్న ధైర్యమూ ఉంటుంది.

చుక్కల మీద దిద్దే పుస్తకాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గాంధీ రోడ్డు అంగళ్లలో ఇవే ఎక్కువ కనిపిస్తాయి, తల్లులూ వీటినే కొంటారు. దారి తెలియడానికి నాలుగైదు సార్లు దిద్దించడం మంచిదే. కానీ దిద్దడాన్ని చూచిరాతగా లెక్కపెట్టకండి. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో కరిన్ జేమ్స్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లలతో అక్షరాలను మూడు రకాలుగా చేయించారు. కొన్ని చూసి సొంతంగా రాయడం, కొన్ని గీత మీద దిద్దడం, కొన్ని కీబోర్డు మీద నొక్కడం. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, చదివేటప్పుడు పనిచేసే భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే బాగా స్పందించాయి. దిద్దేటప్పుడు బిడ్డ గీతను అనుసరిస్తాడు, అక్షరాన్ని కాదు. అక్షరం ఎక్కడ మొదలవ్వాలి, ఎంత వంగాలి అని తేల్చుకోవాల్సింది సొంతంగా రాసేటప్పుడే. మామ అయితే ఇంకా సూటిగా చెప్తారు: "చెయ్యి పట్టుకుని నడిపిస్తా ఉంటే నడక ఎప్పుడొస్తుంది?"

వారానికి మూడు రోజులు

పాపకు ఎనిమిది నిండాక దీనికి మారాం. అప్పటికి అచ్చులు, హల్లులు, గుణింతాలు కుదిరాయి. ఒక మాట రాయడానికి ప్రతి అక్షరానికీ ఆగి చూడాల్సిన పని లేదు. మాట మొత్తం ఒకసారి చూసి దించుకోగలుగుతోంది. మారడానికి అదే గుర్తు. వయసు చూడకండి, బిడ్డ తల ఎన్నిసార్లు పైకి లేస్తోందో చూడండి. అక్షరం అక్షరానికీ తలెత్తుతుంటే ఇంకా రోజూ పద్ధతే. మాటకొకసారి ఎత్తుతుంటే మూడు రోజులకు మారొచ్చు. సగం వాక్యం మోసుకుపోతుంటే వారానికి రెండైనా నష్టం లేదు.

మూడు రోజులంటే వరసగా మూడు కాదు. సోమ, బుధ, శుక్రవారాలు. మధ్యలో ఒక్కో రోజు వదలడం వల్ల చేతికి విరామం, మనసుకు మరపు రాకుండా ఉండే దూరం. పూటకు 15 నిమిషాలు. పాపకైతే ఒక శతక పద్యం సరిగ్గా సరిపోతుంది. నాలుగు పాదాలు, ఒక్కోదాంట్లో నాలుగైదు మాటలు, వత్తులు పుష్కలం. తెలుగు రాసే మొదటిరోజు మొదటి రెండు పాదాలు, రెండోరోజు మిగతా రెండు, మూడోరోజు మొత్తం పద్యం చూడకుండా. ఆ మూడోరోజుది చూచిరాత కాదు నిజానికి, జ్ఞాపకం నుంచి రాయడం. కానీ దాంట్లోనే ఏ మాట కంటికి పట్టిందో, ఏది పట్టలేదో తేటతెల్లంగా బయటపడుతుంది.

రెండు భాషలున్న ఇల్లు అయితే (మనలో దాదాపు అందరివీ అవే) ఈ మూడు రోజులు ఎట్ల పంచుకోవాలన్న ప్రశ్న వస్తుంది. చాలామంది ఇంగ్లీషుకు రెండు, తెలుగుకు ఒకటి ఇస్తారు, ఇంగ్లీషు కష్టమని. చదవడానికి కష్టమేమో గానీ రాయడానికి కాదు. ఇంగ్లీషులో చేయి నేర్చుకోవాల్సింది 26 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపి 52 రూపాలు. తెలుగులో ఒక్క 'క' తీసుకున్నా గుణింతంలో పదిహేను రూపాలు దాకా ఉంటాయి. ఆపైన వత్తులు, వత్తుల్లోనూ 'త', 'మ', 'ల' వంటివి కిందికి దిగాక పోలికే మార్చుకుంటాయి. రూపాల లెక్క వందలకు పోతుంది. అందుకే మా ఇంట్లో తెలుగు రెండు రోజులు, ఇంగ్లీషు ఒకరోజు. రోజూ రాసే చిన్నోడికి తెలుగు నాలుగు, ఇంగ్లీషు ఒకటి. వాడికి ఇంగ్లీషు అక్షరాలు వెనకబడతాయని భయపడ్డాను. వెనకబడలేదు. తెలుగు వంపులు తిప్పిన చేతికి ఆ గీతలు బరువనిపించలేదు. హిందీ మొదలుపెట్టేవాళ్లు మాత్రం తెలుగు కుదిరేదాకా ఆగండి. ఒకేసారి రెండు కొత్త లిపులు చేతికి ఎక్కించడం పిల్లలకు శిక్ష.

వేసవి కోర్సు

ఏప్రిల్ వస్తే మా వీధుల్లో చేతిరాత క్లాసుల బోర్డులు లేస్తాయి. నెలరోజులు, రోజుకో గంట, నెల తిరిగేసరికి ముత్యాల్లాంటి అక్షరాలని. మా పక్కింటి బిడ్డ ఒక వేసవిలో పోయింది. ఆఖరిరోజు పుస్తకం చూసి మాకందరికీ ముచ్చటేసింది. దసరా నాటికి ఆ అక్షరాలు లేవు. నేర్పినవాళ్ల తప్పు అననుగానీ, నెలలో వచ్చింది నిలవాలంటే ఆ తర్వాత ఆరు నెలలు కొంచెం కొంచెంగా కాపాడుకోవాలి. ఆ మాట చెప్పేవాళ్లూ లేరు, ఇంట్లో చేసేవాళ్లూ లేరు. పన్నెండు పదమూడేళ్లొచ్చి, తన రాత తనకే నచ్చక, మార్చుకోవాలని తానే అడిగే బిడ్డకు ఇది ఉపయోగపడుతుంది. ఆరేళ్ల బిడ్డను ఎండలో గంట క్లాసుకు పంపడం కంటే ఆ రుసుముతో మంచి పెన్సిళ్లు, నోటుపుస్తకాలు కొనడం మేలు.

పనిలో కలిసిపోయే రాత

విడిగా చూచిరాతే వద్దు, అవసరానికి రాసే రాత చాలనే తల్లులున్నారు. వాళ్ల మాటలో బలముంది. మా ఇంట్లో సరుకుల చీటీ పాపే రాస్తుంది. కందిబ్యాళ్లు, ఉర్లగడ్డలు, చక్కెర, ఉప్పు, బెల్లం, కొత్తిమీర. ఒక్కసారి చూడండి, దాదాపు ప్రతిమాటలో ఒక వత్తు ఉంది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సహజంగా వత్తులు రాయించదు. పైగా చీటీ అర్థంకాకపోతే అంగడాయన అడుగుతాడు. "ఇది చక్కెరా, చక్రమా పాపా?" అని ఒకసారి అడిగేసరికి, వచ్చేవారం క్కె ఎంత స్పష్టంగా పడిందో.

కానీ చూచిరాతకు బదులుగా దీన్ని పెట్టుకోవాలంటే అక్షరాలు ముందే కుదిరి ఉండాలి. అవసరానికి రాసేటప్పుడు బిడ్డ దృష్టి పని మీద ఉంటుంది, అక్షరం మీద ఉండదు. కుదరని అక్షరం కుదరకుండానే గట్టిపడిపోతుంది. కాబట్టి పదేళ్లు దాటినవాళ్లకు చూచిరాత వారానికి ఒకటి రెండు రోజులకు తగ్గించి, మిగతాది ఇట్లా నింపండి. చూచిరాత అంటేనే ఏడ్చే బిడ్డకు నెలా రెండు నెలలు పూర్తిగా ఆపి, చీటీలూ ఉత్తరాలతో నడిపినా ఏమీ మునిగిపోదు.

ఎన్ని రోజులైనా, ఎప్పుడు ఆపాలి

రోజుల లెక్క కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. ఆఖరి వరస మొదటి వరస కంటే చెడితే ఆ పూటకు ఆపేయాలి. మూడో నిమిషంలో చెడినా సరే. గడియారం చూసి పది నిమిషాలు పూర్తి చేయించాలని కూర్చోకండి.

మామ చెప్పిన తప్పు మీద తప్పు ఎక్కకుండా ఉండడానికి ఒక చిన్న ఉపాయం దొరికింది. ఒకే వాక్యాన్ని రెండు మూడుసార్లు రాయిస్తుంటే పేజీ అడుగు నుంచి పైకి రాయించండి. నమూనా వాక్యం పేజీ పైన ఉంటుంది, బిడ్డ అడుగు వరసలో మొదలుపెట్టి పైకి వస్తాడు. తాను రాసింది చేతి కిందికి పోతుంది, కంటికి కనబడేది నమూనా ఒక్కటే. పైకి వచ్చేకొద్దీ నమూనాకు దగ్గరవుతాడు కాబట్టి ఆఖరి వరస కూడా చెడదు. మొదటిరోజు పిల్లలకు వింతగా ఉంటుంది, తర్వాత ఆటగా మారుతుంది.

గీతల సంగతి కూడా చూసుకోండి. నాలుగు గీతల పుస్తకం ఇంగ్లీషు అక్షరాల కొలతకు తయారైంది. దాంట్లో తెలుగు రాయిస్తే వత్తులకు చోటు దొరకదు, అవి కింది వరస గుడులతో కొట్లాడుకుంటాయి. తెలుగుకు ఒంటి గీతల పుస్తకం తీసుకుని ఒక వరస రాసి ఒక వరస వదిలేయమనండి. మా పాప రాత ఒక్కసారిగా తేరుకున్నట్టు కనిపించింది ఈ మార్పు తర్వాతే.

మీరు ఎంచుకున్న రోజులు ఎన్నైనా, ఇంపొజిషన్ మాత్రం దాంట్లో కలపకండి. అల్లరి చేశాడని నూరుసార్లు రాయమంటే, రాత అంటే శిక్ష అని ఆ బిడ్డకు మనమే నేర్పినవాళ్లమవుతాం. మరుసటిరోజు పొద్దున అదే పెన్సిలు పట్టి ప్రేమగా రాయమంటే ఎట్ల రాస్తాడు?

"ఉన్నదాన్నే మళ్లీ ఎందుకు రాయాలి మా? పుస్తకంలో ఉంది కదా" అని పాప ఒకరోజు అడిగింది. మేం తిరుపతిలో ఉన్నాం కాబట్టి నాకు జవాబు వెతకాల్సిన పని లేకపోయింది. తాళ్లపాక వాళ్లు అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారని, వేటూరి ప్రభాకరశాస్త్రి గారి వంటి పండితులు వాటిని రేకు రేకూ చదివి కాగితం మీదికి ఎత్తి రాయబట్టే మనకు పుస్తకాలుగా వచ్చాయని చెప్పాను. ఒక అక్షరం తప్పు చూస్తే పాటే మారిపోతుంది. పాప కాసేపు ఆలోచించి, "వాళ్లు కూడా రోజుకు కొంచెమే రాసుంటారా?" అంది. ఆ రోజు నుంచి చూచిరాత పుస్తకాన్ని రేకు అంటోంది. "మా, రేకు యాడుంది?"

పన్నెండు దాటినవాళ్లకు

ఇంటి చదువు పిల్లలు ఎక్కువమంది పదో తరగతి పరీక్షను జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారానో, మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారానో రాస్తారు. పద్నాలుగేళ్లు నిండాలి. అక్కడ గంటల తరబడి పెన్నుతో రాయాలి, సొంతంగా ఆలోచించి రాయాలి. చూచిరాత ఎంత రాయించినా ఈ ఓపిక రాదు. కుదురుదనం వేరు, వేగం వేరు. కాబట్టి పన్నెండో ఏట నుంచి చూచిరాతను వారానికి ఒక రోజుకు తగ్గించండి. ఆ చోటును ఉక్తలేఖనానికి, గడియారం పెట్టుకుని సొంతంగా జవాబు రాయడానికి ఇవ్వండి. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా గంట దాకా. ఆ మిగిలిన ఒక్కరోజు చూచిరాతలో వేగంగా రాసి చెడగొట్టుకున్న అక్షరాలను సరిచేసుకుంటారు.

ఎడమచేతి పిల్లలకూ ఇవే రోజులు, ఇవే నిమిషాలు. చేయి మార్పించొద్దు. కాగితాన్ని కుడివైపుకు కొంచెం ఒరగనివ్వండి, నమూనాను చేయి కప్పేయకుండా కుడిపక్కనో పైననో పెట్టండి. ఇక ఏ బిడ్డయినా అయిదు నిమిషాలకే చేయి నొప్పి అంటుంటే ముందు పెన్సిలు ఎంత గట్టిగా పట్టుకుంటున్నాడో, కాళ్లు నేలకు ఆనుతున్నాయో చూడండి. మంచం మీద బోర్లా పడుకుని రాస్తే ఎవరి చేయి అయినా లాగుతుంది. అన్నీ సరిగ్గానే ఉన్నా నెలల తరబడి అదే మాట వస్తుంటే మొండితనమని కొట్టిపారేయకుండా పిల్లల డాక్టరునో, ఆక్యుపేషనల్ థెరపిస్టునో కలవండి.

చివరిగా, ఆగిపోయిన రోజుల గురించి. మేలో గంగజాతర వస్తుంది, ఆ వారం మా ఇంట్లో ఎవరూ పుస్తకం ముట్టరు. చుట్టాలు, వేషాలు, అంబలి. బ్రహ్మోత్సవాలప్పుడూ అంతే. మొదట్లో ఆగిన రోజులన్నిటినీ లెక్కపెట్టి తర్వాతి వారంలో పూర్తి చేయించేదాన్ని. అంటే మళ్లీ ఆదివారం గంటకే పోయినట్టు. ఇప్పుడు పోయినవాటిని పోనిస్తాను. మళ్లీ మొదలుపెట్టే రోజు మామూలుగా రాసేదాంట్లో సగమే ఇస్తాను, అది కూడా బిడ్డకు బాగా వచ్చిన పాత వాక్యం. మూడోరోజుకు చేయి తన దారిలో పడుతుంది, అప్పుడు కొత్త వాక్యం. ఈసారి జాతర అయ్యాక చిన్నోడు తానే చెప్పాడు, రాసుకోవడానికి వాక్యం: "మాతంగి వేషం చూస్తే నాకు భయం లేదు." ఆరు మాటలు. రెండు రోజులు పట్టింది. 'మాతంగి'లో సున్న ఎంత గుండ్రంగా వచ్చిందో, దాని చుట్టూ ఇంకో సున్న చుట్టాడు.